అన్నం మానిపించే ముందు

2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణగారి కొబ్బరినూనె పథ్యం మన తెలుగు ఇళ్లలో ఎంత హోరెత్తిందో గుర్తుంది కదూ? అన్నం మానితే రక్తంలో చక్కెర తగ్గే మాట నిజమే. ఒళ్లు కొవ్వును కరిగించుకుని, కీటోన్లతో నడుస్తుంది. చిక్కల్లా మందులతోనే. అన్నం మానేసి, గ్లిమిపిరైడ్ మాత్రో ఇన్సులినో పాత మోతాదులోనే వాడితే చక్కెర 70కి దిగువకు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మగత! భూపాలపల్లి బొగ్గుగనిలో రాత్రి షిఫ్టులో ఉన్న మనిషికి అలా అయితే? ముందు డాక్టరుగారిచేత మోతాదు మార్పించండి. మీ అంతట మీరు మాత్రం మందులు ఆపకండి. జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా అన్నం లేనిదే మనకు పూట గడవదాయె! సగం తగ్గించి పప్పు, తోటకూర పెంచడమే నాకు నచ్చిన దారి. వణుకొస్తే పథ్యం పక్కనపెట్టి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.