కల్లం దుమ్ము, మన ఊపిరి
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 వచ్చిందంటే మనం భూమి గురించి, భాష గురించి, ఆటపాటల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. కానీ రేలా పాట ఎత్తుకోవాలన్నా ముందు ఊపిరి అందాలి కదా. ఈ రోజు మేము ఆ ఊపిరి గురించే నాలుగు మాటలు చెప్పడానికి నిలబడ్డాం.

హాస్టల్లో పనిచేసే మాకు సంక్రాంతి సెలవులంటే గుబులు. ఇళ్ళకు వెళ్ళిన పిల్లలందరూ తిరిగి రారు. గోదావరి ఒడ్డు ఊళ్ళలో మిరపకాయలు ఏరే పని అప్పుడే మొదలవుతుంది. ఒక ఏడు తొమ్మిదో తరగతి అమ్మాయి రాకపోతే వాళ్ళ ఊరికి వెళ్ళాం. తండ్రి అరుగు మీద మోకాళ్ళకు చేతులు ఆనించి, ముందుకు వంగి కూర్చున్నాడు. "రండి మేడం" అనడానికి రెండుసార్లు ఆగాడు. ఆయన బదులు ఆ పిల్లే కల్లానికి వెళ్తోంది.

ఊళ్ళో అందరూ టీబీ అనుకున్నారు. నిజం చెప్పాలంటే మేమూ అదే అనుకున్నాం. ఆ పేరు బయటికి వస్తే పిల్ల పెళ్ళికి అడ్డమని ఇంట్లోవాళ్ళు దాచారు. సూదిమందు వేయించుకుంటూ నెలలు గడిపారు. చివరికి గళ్ళ పరీక్ష చేయిస్తే టీబీ కాదు. ఊదించి చేసే పరీక్షలో ఊపిరి గొట్టాలు ఇరుకైపోయాయని తేలింది. బీడీ, పొయ్యి పొగ, ఏళ్ళ తరబడి కల్లం దుమ్ము, మూడూ కలిసి చేసిన పని. తునికాకు కోసేది మనమే, ఆ బీడీ కాల్చి దగ్గేదీ మనమే!

టీబీ అయినా దాచాల్సింది ఏముంది? రెండు వారాలు దాటి దగ్గు ఉంటే గళ్ళ పరీక్ష చేయించాలి. పరీక్ష, మందులు సర్కారు దవాఖానాలో ఉచితం. మామూలు టీబీకి ఆరు నెలలు మందు వాడాలి. తిండికని నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. దాచిన దగ్గే ఇంట్లో పిల్లలకు అంటుకుంటుంది.

ఇంకొకటుంది. బూజు పట్టిన గడ్డి, తడిసి ముక్కిన ధాన్యం, మిరపకాయలు కదిలిస్తే లేచే దుమ్ములో కంటికి కనిపించని బూజు ఉంటుంది. అది కొందరి ఊపిరితిత్తులకు పడదు. దీనికి ఇంగ్లీషు డాక్టర్లు 'ఫార్మర్స్ లంగ్' అని రైతు పేరే పెట్టారు. హంగరీలో మిరపకాయలు చీల్చే కూలీలకూ ఇలాంటి జబ్బే వచ్చేది. పొద్దున దుమ్ములో పనిచేస్తే నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత, అంటే సాయంత్రానికి చలి, జ్వరం, దగ్గు, ఆయాసం. మన ఏజెన్సీలో చలిజ్వరం అంటే మలేరియానే కదా! రక్త పరీక్ష చేయించండి, అది మానొద్దు. మలేరియా లేదని వచ్చి, కల్లానికి వెళ్ళిన ప్రతిసారీ అదే జ్వరం తిరగబెడుతుంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. అడగందే ఆయనకు ఎలా తెలుస్తుంది, మీరు పగలంతా ఏం కదిలించారో?

తమ్ముళ్ళూ, ఇప్పుడు మీతో. ట్యాంకుకు ఇంతని మాట్లాడుకుని మందు కొట్టడానికి వెళ్ళేది మీరే. ముఖానికి తడి తువ్వాలు కట్టుకోమని ఒకప్పుడు మేమే చెప్పాం. అది తప్పు. తడిసిన గుడ్డ మందును పీల్చుకుని ముక్కు దగ్గరే పెట్టుకుంటుంది. దుమ్ముకు ఎన్95 మాస్కు పనికొస్తుంది కానీ మందు ఆవిరిని అది ఆపదు. దానికి డబ్బా మీద రాసిన రకం మాస్కే కావాలి, అది యజమానిని అడగండి. గాలికి ఎదురు నిలబడి కొట్టొద్దు. కొడుతుండగా ఛాతీ పట్టేసి, నోట్లో నీళ్ళూరి, చూపు మసకబారితే వెంటనే చేను వదిలి బట్టలు మార్చి, సబ్బుతో కడిగి 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా వెంట తీసుకెళ్ళండి. విరుగుడు ఏదో దాన్నిబట్టే తేలుతుంది. పారాక్వాట్ అనే గడ్డిమందుకైతే విరుగుడే లేదు, కడుపులోకి వెళ్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి చూరులో పెట్టే ఇళ్ళు మేము చూశాం. ఇవాళ ఇంటికి వెళ్ళగానే మీ చూరు చూడండి.

ఆ తండ్రికి పీల్చే మందు ఇచ్చారు. "అలవాటైపోతుందంట" అని మొదట చూరుకు వేలాడదీశాడు. అది సారా కాదు, అలవాటవడానికి. కూతురే దించింది. మందు నొక్కి, లోపలికి పీల్చి, పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలని మా హాస్టలుకు వచ్చిన నర్సమ్మ దగ్గర నేర్చుకుని, రోజూ దగ్గర కూర్చుని కోయ భాషలో లెక్కపెట్టేది. ఆయన బీడీ మానడానికి ఇంకో ఏడాది పట్టింది. ఇప్పుడు కల్లంలోకి దిగడు, చేను కాపలాకు వెళ్తున్నాడు. అమ్మాయి మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసింది.