ఈ వేసవి ఊరికా, పరిశోధనకా?

జూన్ వస్తే అల్ వక్రాలో మన ఇళ్ళల్లో ఊరికి టిక్కెట్ల మాటే. కంప్యూటర్ సైన్సు చదివే పిల్లలేమో "ఈసారి రాను, పరిశోధన ఉంది" అంటారు. అమ్మమ్మకేం చెప్పాలి?

రాజ్ రెడ్డి గారిని తలచుకోండి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివారు. గిండీ, ఆస్ట్రేలియాల తర్వాత 1966లో స్టాన్‌ఫర్డ్ డాక్టరేట్. కంప్యూటరు మనిషి మాటను గుర్తుపట్టేలా చేయడానికి ఏళ్ళు వెచ్చించారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం వచ్చింది.

ఆయన పనిచేసిన కార్నెగీ మెలన్ 2004 నుంచి దోహాలోనూ ఉంది. అక్కడి విద్యార్థులు వేసవిలో అధ్యాపకుల దగ్గర పరిశోధన చేయవచ్చు. తరగతిలో లెక్కకు జవాబు ముందే ఉంటుంది, పరిశోధనలో ఉండదు. ఆ తేడా తెలియాలంటే ఒక వేసవి పడుతుంది. అమ్మమ్మ దగ్గరికి చివర్లో పది రోజులైనా పంపండి, పని మధ్యలో మాత్రం లాగకండి.