ఊరి దుకాణము, దూరపు ఖాతా

సిరిసిల్ల మరమగ్గపు పనివాని కూలి, కోరుట్లలో బీడీలు చుట్టు స్త్రీ కూలి, జగిత్యాల మామిడి రైతునకు రావలసిన పైకము - ఇవన్నియు వర్తకుని ఖాతాలోనే యున్నవి. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చిన పిదప ఆ ఖాతా చాలవరకు కంప్యూటరులోనికి చేరినది. ఆ యంత్రము చెడినచో లెక్కలును దానితోనే పోవచ్చును.

దీనికొక ఉపాయము వర్చువల్ డెస్క్‌టాప్. ఇందు లెక్కల ప్రోగ్రాము, ఖాతాలు దూరపు డేటా కేంద్రమున నుండును. మనము నొక్కిన అక్షరము సంకేతమై అచటికి పోవును. అచటి ఫలితము చిత్రమై మన తెరపైకి వచ్చును. ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతిని 1961లోనే అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేసి చూపిరి. నేడట్టి కేంద్రములు మనకు చేరువలోనే కలవు. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదున తన కేంద్రములను ప్రారంభించినది.

ఈ పద్ధతిలో పాత కంప్యూటరైనను పనికివచ్చును. అది చెడినను లెక్క చెడదు. గుమాస్తా సిరిసిల్లలోను, యజమాని కోరుట్లలోను ఉండి ఒకే ఖాతాను చూడగలరు. కాని ఇంటర్నెట్ తీగ తెగిననాడు దుకాణము తెరచియున్నను ఖాతా తెరచుకొనదు. నెలనెలా అద్దెయు తప్పదు.

కనుక ఒప్పందమునకు ముందే మూడు సంగతులు అడుగుడని మా మనవి. ఖాతాల నకలు ఎన్నాళ్ల కొకసారి మన చేతికి వచ్చును? పాస్‌వర్డు ఎవరెవరి యొద్ద నుండును? సేవ మానుకొన్ననాడు లెక్కలన్నియు తిరిగి ఇత్తురా? పెట్టె పరుల యింట నున్నను, తాళపుచెవి మన మొలలోనే యుండవలెను.