వాహనములకు ప్రొపేను

బహ్రెయిను ద్వీపమున జబల్ దుఖాన్ కొండ చెంత 1932లో తైలము వెలువడినది. దానితోడనే పైకెగసిన వాయువులో అధికభాగము చిరకాలము వృథాగా మంటపాలగుచుండెను. 1979లో బహ్రెయిన్ నేషనల్ గ్యాస్ కంపెనీ ఏర్పడిన పిమ్మట, ఆ వాయువునుండియే ప్రొపేను, బ్యూటేను, నాఫ్తాలను వేరుచేసి సిత్రా రేవునుండి ఓడల కెక్కించుచున్నారు.

సున్నకు దిగువ 42 డిగ్రీల వద్దనే మరుగు నీ ప్రొపేను, ఒకపాటి పీడనమునకే ద్రవమై తొట్టిలో ఒదిగి, ఇంజనులో గాలితో చక్కగా మిళితమై, మసి మిగుల్పక దహించును. ఆక్టేను సంఖ్య నూటిని మించుటచే ఇంజను కొట్టుకొనదు. అందలి నూనెయు త్వరగా నల్లబడదు. అయితే లీటరుకు లభించు శక్తి పెట్రోలుకన్న సుమారు నాలుగవవంతు తక్కువ. ధర చౌక కానిచో లాభమేమి?

హైదరాబాదు ఆటోలవారికి ఈ లెక్క కంఠపాఠము. ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమమును నింపి గొట్టము విప్పునపుడు బుస్సుమని తెల్లని ఆవిరి చిమ్ముట వారికి నిత్యదృశ్యమే.

మండువేసవిలో తొట్టియందలి ద్రవము వ్యాకోచించును గనుక 80 శాతమునకు మించి నింపరాదు. కారిన వాయువు గాలికన్న బరువై నేలమాళిగలలో నిలుచును గనుక, కారుట పసిగట్టుటకై దుర్గంధద్రవ్యము కలుపుదురు. ఈ జాగ్రత్తలు పాటించినచో, ఎగుమతి చేయు సరకులో కొంత స్వదేశపు బడిబస్సులకు వెచ్చించుట బహ్రెయినుకు అసాధ్యము కాదని నా తలంపు. పెట్రోలు చౌకగా దొరకు చోట ఆ మార్పునకు తొందరపడువారు మాత్రము అరుదు.