వాలుదారి పొడవు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



మన పాఠశాల వాకిట మూడు మెట్లు కలవు. వాటి మొత్తము ఎత్తు 18 అంగుళములు. చక్రాల కుర్చీలో వచ్చు బిడ్డకు అదియే కోటగోడ. ఈ ఊర మరియొక తెలుగు బడి లేదు గనుక, ఆ బిడ్డ మెట్ల కడనే మాతృభాషా విద్యకు దూరమగును. కావున ర్యాంపు కట్టింప నిశ్చయించితిమి.

దాని పొడవెంత? అంగుళము ఎత్తునకు కనీసము 12 అంగుళముల పొడవుండవలెననునది ప్రమాణము. అనగా మనకు 18 అడుగులు. ఆరడుగులతో సరిపెట్టినచో వాలు మూడింతలగును. ఎక్కుటకు నెట్టువారును, దిగుటకు పట్టువారును కావలసివచ్చును.

ఎత్తును మెట్ల కడ గాక, వాలు నేలను తాకు చోట కొలువవలెను. అచ్చట నేల 3 అంగుళములు పల్లమైనచో పొడవు 21 అడుగులగును. స్థలము చాలనిచో దారిని మలుపు త్రిప్పి, మలుపు కడ ఐదడుగుల చదునైన తావు విడువవలెను. ఇరుప్రక్కల చేతిపట్టీలు అవసరము.

విద్యాలయములు అందరికిని ప్రవేశయోగ్యముగా ఉండవలెనని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము విధించుచున్నది. ధనము చాలకున్నచో రంగులు, తోరణములు తగ్గింతము. పొడవును మాత్రము తగ్గింపము. ఇందుకు మీ సహాయమును అర్థించుచున్నాము.