ఆలస్యం ఎవరిది?



పెద్దపేగు కాన్సర్ గురించి మాట్లాడమన్నప్పుడు కాస్త తటపటాయించాను. రొమ్ము గురించీ గర్భాశయం గురించీ సభల్లో మాట్లాడడం మనకు అలవాటయింది. దొడ్డికి వెళ్ళడం గురించి మైకు ముందు మాట్లాడడం ఇంకా కాలేదు.

నల్గొండ జిల్లాలో నేను కలిసిన ఒకామె, యాభై దాటిన వ్యవసాయ కూలీ, ఏడాదిన్నర పాటు రక్తం పడ్డాక గానీ పెద్దాసుపత్రికి చేరలేదు. 'ఆలస్యంగా వచ్చింది' అని కేసు షీటులో ఒక్క ముక్క రాశారు. ఆ ఏడాదిన్నరా ఆమె ఊరకే కూర్చుందా? కోడలికి చెప్పింది. 'వేడి చేసిందిలే అత్తమ్మా' అని ఆ అమ్మాయి మజ్జిగ కలిపిచ్చింది. ఆర్‌ఎంపీ మొలలన్నాడు. ఆపరేషన్ లేకుండా మొలలు నయం చేస్తామన్న బోర్డు చూసి అక్కడా డబ్బు పోసింది. నీరసమంటే ఆరోగ్య కేంద్రంలో ఐరన్ మాత్రలిచ్చారు. ఐరన్ మింగితే మలం నల్లబడుతుంది, పేగు పైభాగంలో రక్తస్రావమైనా నల్లబడుతుంది. ఇక తేడా ఆమెకెలా తెలుస్తుంది?

ఇంతమందికి చెప్పుకున్నా వేలితో పరీక్ష చేసినవాళ్ళు లేరు. మలద్వారానికి దగ్గర్లో గడ్డ ఉంటే నిమిషంలో వేలికి తగిలే పరీక్ష అది. ఆమె సిగ్గుపడిందంటాం. అడగడానికి సిగ్గుపడిన డాక్టరు సంగతి మాత్రం కేసు షీటులోకి ఎక్కదు.

అసలు ఆడదాని ఒంట్లోంచి రక్తం పోవడం అందరికీ మామూలు విషయమే. ముట్టు, కాన్పు, అబార్షన్. రక్తహీనత 'ఆడవాళ్ళకుండేదే'. కానీ ముట్లుడిగిన స్త్రీకి ఐరన్ తగ్గితే పేగులు పరీక్షించాలన్నది వైద్యంలో పాత పాఠమే.

కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 30 ఏళ్ళు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్ల పరీక్షలు చేయాలని ఉంది. పెద్దపేగు అందులో లేదు. కాబట్టి ఆమె నోరు తెరిచి చెప్పాలి, విన్నవాళ్ళు పట్టించుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితమే. పోయే కూలి డబ్బు ఎవరిస్తారు? కొలనోస్కోపీకి తోడు రావడానికి కొడుక్కి తీరిక ఎప్పుడు?

రక్తం పడిన ప్రతివారికీ కాన్సర్ కాదు, చాలామందివి మొలలే. అది చూసి తేల్చవలసిన విషయం, ఊహించి కాదు.

మన శిబిరాల్లో నింపే ఫారంలో ముట్టు గురించి ఆరు ప్రశ్నలున్నాయి. దొడ్డి గురించి ఒక్కటీ లేదు. ఆ ఫారం తయారుచేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. కొత్త ప్రశ్నలు రెండు రాసి తెచ్చాను: మలంలో రక్తం కనిపించిందా? ఎవరికైనా చెప్పారా, వాళ్ళేమన్నారు? రెండోదాని కింద నాలుగు గీతల జాగా వదిలాను.