కానరాని ధూళికి వెలుగు రూపము

పెంకుటింటి కప్పు సందునుండి ఉదయపుటెండ గదిలోనికి వ్రాలునప్పుడు, ఆ కిరణమున సన్నని నలుసులు ఆడుచుండుట మీరందరును చూచియే యుందురు. మన పూర్వులు అట్టి నలుసునకు త్రసరేణువని పేరిడి, కంటికానిన కొలతలలో మొదటిదిగా లెక్కించిరి. ఎండ తొలగినంతనే గాలి నిర్మలమైనట్లు తోచును. నిజమునకు నలుసు ఎచ్చటికిని పోలేదు. మనకు కనబడుట మానినది, అంతియే.

అంతకంటెను సూక్ష్మమైన ధూళి మరియొకటి కలదు. దాని వెడల్పు మిల్లీమీటరులో 400వ వంతు, లేదా అంతకును తక్కువ. తలవెండ్రుక మందములో సుమారు 30వ వంతని యెంచవచ్చును. పొయ్యి పొగయందును, మోటారుబండ్ల పొగయందును, కార్ఖానాల పొగయందును ఇది యుండును. ఊపిరితిత్తుల లోతులకు పోయి, శ్వాసకే గాక గుండెకును కీడు చేయును. శాస్త్రజ్ఞులు దీనిని యంత్రములతో కొలిచి అంకెలు ప్రకటించుచున్నారు. కాని ఘనపు మీటరు గాలిలో ఇన్ని మైక్రోగ్రాములని చెప్పినచో, వినువారి మనస్సున నిలుచునదేమి?

ఈ కొరత తీర్చుటకై రాబిన్ ప్రైస్ అను డిజిటల్ కళాకారుడును, ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున వాయుమండల శాస్త్రాచార్యుడగు ఫ్రాన్సిస్ పోప్ అను నతడును చేయి కలిపిరి. వారి పద్ధతి యిట్టిది. ధూళిని కొలుచు చిన్న యంత్రమునకు విద్యుద్దీపముల వరుసను జోడింతురు. గాలిలో ధూళి హెచ్చినకొలది దీపములు ఎక్కువ మారులు మిణుకుమనును. చీకటివేళ కెమేరా కన్ను చాలసేపు తెరచియుంచగా, దాని యెదుట చిత్రకారుడు ఆ దీపములను చేతబట్టి నడచును. కదలుచుండు అతని మూర్తి చిత్రమున పడదు. మిణుకులు మాత్రము చుక్కలై నిలిచిపోవును. చుక్కలు దట్టమైనచోట ధూళి దట్టము; పలుచనైనచోట పలుచన. అక్షరము రానివారికిని ఇది తెలియును.

ఇట్లు బ్రిటను, ఇథియోపియా, భారతదేశములలో చిత్రములు తీసి, ఆ వివరములను 2024లో ఒక శాస్త్రపత్రికయందు ప్రకటించిరి. మన దేశమున ఢిల్లీ నగరములోని పిల్లల ఆటస్థలము నొకదానిని, అచ్చటికి 500 కిలోమీటర్ల దూరమున పాలంపూరు పల్లెప్రాంతమునగల మరియొకదానిని చిత్రించిరి. ఢిల్లీలో కొలిచిన ధూళి పాలంపూరు ధూళికి 12.5 రెట్లున్నది. ఇథియోపియాలో వంటచెరకు మండుచున్న ఒక వంటగదిలో ధూళి, చుట్టుపట్ల ధూళికంటె 20 రెట్ల వరకు పెరిగినది.

చిత్రకారుడు తన ఊహకొలది చుక్కలు పెంచడా యని మీరడుగవచ్చును. ఏ స్థలమున నిలువవలెనో, ఏ వైపునుండి చూపవలెనో నిర్ణయించువాడు అతడే. చుక్కల సంఖ్యను నిర్ణయించునది మాత్రము యంత్రము. అందుచేతనే యీ చిత్రము సాక్ష్యమునకు నిలుచును. అయినను అది ఆ చోటి సంగతిని, ఆ వేళకు మాత్రమే చెప్పును. ఏడాది పొడవునను ఇట్లేయని దానినిబట్టి తీర్మానింపరాదు. శాస్త్రజ్ఞుడు లేనిచో చిత్రము వట్టి వేడుకయగును. చిత్రకారుడు లేనిచో అంకెలు కాగితములలోనే యుండిపోవును.

ఈ మూడింటిలో మనకు మిక్కిలి దగ్గరది వంటగది చిత్రము. గ్యాసు పొయ్యిలు వచ్చినను మన పల్లెలలో కట్టెలపొయ్యి ఇంకను పూర్తిగా ఆరలేదు. పట్టణముల గాలి చెడిపోయినదని అరుగులమీద చెప్పుకొనుచుందుము. లోపల పొయ్యి యూదుచు కన్నులు తుడుచుకొను ఇల్లాలిని చూచి, పొగ సహజమేయని యూరకుందుము. ఆమె చెంతనే చంటిబిడ్డయు నుండును.

కావున పెద్దలారా, రేపు పొయ్యి రాజుకొనిన వేళ వంటయింటి గడపలో ఒక్క నిమిషము నిలువుడు. పొగ పోవుటకు దారి యున్నదో లేదో చూడుడు. లేనిచో గోడకు కిటికీ తీయించుటయు, పొయ్యిపై పొగగొట్టము కట్టించుటయు, శక్తియున్నచో పొయ్యినే మార్చుటయు ఇంటి యజమానుని పని. దానికి ఏ కెమేరాయు అక్కరలేదు.